అమ్మవారిని కట్టిన పిల్ల

నాకు కోపం ఎక్కువ. ఈ సంగతి మా ఊర్ల కుక్కలకు గూడ ఎరుకే. మితానిన్ పని చేసెటోళ్ళకు ఓపిక ఉండాలె అని ట్రైనింగుల చెప్పిండ్రంట, ఆ పూట నేను కునుకు తీసిన్నేమో. మితానిన్ అంటె మా దిక్కు ఇల్లిల్లు తిరిగి జరాలకు గోలీలిచ్చె మనిషి, నెలలు నిండిన ఆడోళ్ళను కాన్పుకు దవాఖానకు తోలుకపోయె మనిషి. సర్కారు పనే గని సర్కారు నౌకరి గాదు. నోరు లేకుంటె ఈ పని నెల దినాలు గూడ నడువది. దేవుడు నాకు అదొక్కటి మాత్రం తక్కువ చెయ్యలె.

మాది భోపాల్‌పట్నం నుంచి ఇంద్రావతి దిక్కు పోయె బాటల ఒక ఊరు. ఇంట్ల తెలుగు, బడిల హిందీ, సంతల హల్బీ, అడివి అంచుకు పోతె గోండీ, దోర్లీ. నేను అన్ని మాటల్లనూ తిట్టగల్గుత. పాట మాత్రం తెలుగుల్నే వస్తది.

ఆటలు కట్టుడు నాకు ఈ పనిల్నే అబ్బింది. దోమతెరలు పంచిన యేడు మా ఊరోళ్ళు వాటిని చాపలు పట్టనీకి వాగుకు పట్టుకపోయిండ్రు. ఎంత చెప్పినా చెవిటోని ముంగట శంఖం ఊదినట్టే అయింది. కోపమొచ్చి ఒక చిరిగిన దోమతెరనే రెక్కలు చేసి కట్టుకొని, పటేలు ఇంటి అరుగు మీద దోమ వేషం ఆడిన. పటేలును కుట్టిన, పూజారిని కుట్టిన, మీటింగుకు వచ్చిన పంచాయతి సచివ్‌ను ఎగిరెగిరి కుట్టిన. ఊరంత పడీ పడీ నవ్విండ్రు. వారం తిరిగెసరికి తెరలన్నీ వాగు ఇడిచి మంచాల మీదికి వచ్చినయి. అప్పటి సంది పోరగాండ్లు నన్ను దోమవ్వ అంటరు. అననీ, నాకేం తరిగింది. ఆటకు మనుషులను మార్చె గుణం, కలిపె గుణం ఉన్నదని ఆ పొద్దు నమ్మిన. శానా ఏండ్లు ఆ నమ్మకంతోనే తిరిగిన.

ఇప్పుడు నా దగ్గర ఆ నమ్మకం లేదు. ఎట్ల పోయిందో చెప్త.

మా ఊరికి తూర్పు దిక్కు పొలిమేర రాయి ఉంటది. రాయి అవతల, ఇప్పచెట్ల నడుమ, దోర్లోళ్ళ గుడిసెల గుంపు. లోపటి అడివిల గడబిడ ఎక్కువైన కాలంల ఊర్లు ఇడిచి, పిల్లలను చంకలేసుకొని వచ్చినోళ్ళు వాళ్ళు. మా ఊరోళ్ళు పొమ్మననూ లేదు, రమ్మననూ లేదు. వరికోతలకు పిలుస్తరు, పెండ్లిళ్ళకు పిలువరు. బోరింగు ఊర్లనే, రేషను దుకాణం ఊర్లనే, పక్కా సడక్ ఏమొ ఊరికి పడమటి కొసకు. గుంపు నుంచి దేనికి రావాల్నన్నా మా వీధి మీదికెల్లి రావాల్సిందే.

ఆ గుంపుల ఒక కోడలు పిల్ల ఉండె. పేరు రాయను, ఆ పిల్లను పేరు పెట్టి పిలిచి జేసిన కీడు చాలు. మిరపకాయలు ఏరనీకి గోదారి అవతలకు పోయి పోయి తెలుగు నేర్చింది, అందుకని ఆమె తెలుగుల సగం మాటలు మేస్త్రీ అరిచె మాటలే. "జల్ది జల్ది అత్తా, వంగు, నడుము ఎత్తకు" అని నన్నే ఎక్కిరించేది. నా నడక, నా సంచి, కోపమొస్తె నేను ముక్కు ఎగబీల్చుడు, అన్నీ చేసి చూపెట్టేది. గుంపంత నవ్వేది. సిగ్గిడిచి నేను గూడ నవ్వేదాన్ని.

ఆమెకు మొదటి కాన్పు గుంపుల్నే అయింది, పిల్ల దక్కలె. రెండోసారి నెల తప్పినప్పుడు వచ్చి నా చెయ్యి పట్టుకున్నది. "అత్తా, ఈసారి నన్ను దవాఖానకు తోలుకపో. ఇంట్ల కనను" అన్నది. ఎక్కిరింపులేమీ లేకుంట ఆ పిల్ల నాతోని మాట్లాడింది అదే మొదలు. "మొయ్యాల్సొస్తె మోసుకపోత, భయపడకు బిడ్డా" అన్న. ఆ పిల్ల మా వీధి దాటి సడక్ ఎక్కాలె, బండి ఎక్కాలె, గంతే. ఆ యేడు నాకు అంతకంటె పెద్ద పని ఇంకోటి లేకుండె.

ఎండలు ముదరక ముందే ఊర్ల పిల్లలకు తట్టు పోసింది. మా దిక్కు దాన్ని రోగం అనరు, అమ్మవారు వచ్చింది అంటరు. సూదులేసె నర్సును నేను ఇల్లిల్లూ తిప్పితె సగం ఇండ్లు తలుపు తియ్యలె. వచ్చిన అమ్మవారిని చుట్టం లెక్కనే చూస్తరు మావోళ్ళు. పసుపు, చీర, గాజులు పెట్టి, చిన్న కర్రబండి మీద పాత చాట, చీపురు పెట్టి, ఒక కోడిపిల్లను కట్టి, డప్పులతోని పొలిమేర దాటిస్తరు. అవతలి ఊరోళ్ళు మళ్ళ మొక్కి వాళ్ళ పొలిమేర దాటిస్తరు. అట్ల ఊరెనుక ఊరు దాటుకుంట పోయి ఆ తల్లి ఏ అడివిల్నో సల్లబడుతది. సాగనంపినోళ్ళు ఎనుకకు తిరిగి చూడొద్దు. సాగనంపిన తల్లిని మళ్ళ ఊర్లకు రానియ్యొద్దు. ఇదంత చిన్నప్పటి సంది చూస్తున్నదే, నాకు ఎన్నడూ అందుల తప్పు కనపడలె.

ఆ యేడు బండిని తూర్పు పొలిమేర దాటించిండ్రు, అంటె తీసుకపోయి గుంపు నెత్తిన పెట్టిండ్రు. గుంపుకు దేవుని గద్దె లేదు, పొలిమేర లేదు, అది ఎవ్వల లెక్కల ఊరే గాదు. బండి దింపి వచ్చినంక పూజారి అంటడు గదా, "పొలిమేర లేని జాగల దిగిన తల్లి లేవది" అని. ఓరి నీ తెలివి తెల్లార, దింపెటప్పుడు అది యాదికి లేదా అని నేను మొహం మీదనే అడిగిన. నా మాట ఎవ్వలు ఇన్నరు. బైఠక్ కూసుండి తీర్పు చెప్పిండ్రు: అమ్మవారు లేచి పోయెదాక గుంపోళ్ళు ఎవ్వలూ రాయి దాటి రావొద్దు. బోరింగు బందు, రేషను బందు, బాట బందు. గుంపు ఆడోళ్ళు వాగు ఇసుకల చెలిమెలు తోడుకొని ఆ నీళ్ళే తాగిండ్రు. అప్పటికి ఆ పిల్లకు ఆరో నెల నడుస్తున్నది.

నేను పటేలు ఇంటికి ఎన్ని తీర్ల పోయిన్నో. పటేలు చెడ్డోడు గాదు. చెడ్డోడైతె నాలుగు తిట్టి కడుపుమంట సల్లార్చుకునెటిదాన్ని. "అక్కా, నా మనుమరాలు నిన్ననే లేసి కూసుండి గంజి తాగింది. ఆ తల్లిని మళ్ళ నా ఇంట్లకు తెమ్మంటవా?" అని కండ్లల్ల నీళ్ళు పెట్టుకున్నడు. భయపడ్డ మనిషిని ఏమని తిట్టాలె. దవాఖాన మాట చెప్పిన, సూది మాట చెప్పిన, కలెక్టరు దాక పోత అని బెదిరిచ్చిన. తలకాయ అడ్డంగ ఊపి లోపటికి పోయిండు. ఇంటికొచ్చి పొయ్యి ముంగట కూసుంటె ఒక్కటే తోచింది. మాటకు వినరు, ఆటకు వింటరు.

కథ నేనే అల్లిన. అమ్మవారు ఒక ముసలవ్వ. నెత్తిన గంప. ఊరూరు తిరుగుతది. ప్రతి ఊరూ పసుపు పెట్టి, దండం పెట్టి, "అవ్వా, అవతలి ఊరికి పో" అంటది. ఎవ్వలూ కూసోమనరు. నడిచి నడిచి ఆమె ఒళ్ళు కాలిపోతది, ఆ కాకనే పిల్లలకు అంటుకుంటది. ఆఖరికి పేరు లేని ఒక పల్లెల ఒక పిల్ల ఆనిగెపు బుర్రల నీళ్ళు ఇచ్చి, చాప పరిచి, "జరసేపు పండుకో అవ్వా" అంటది. ముసలమ్మ నిద్రపోతది. ఒళ్ళు సల్లబడుతది, పిల్లలు లేస్తరు. చెప్పెది ఒకటే, జాగ ఇస్తె తల్లి సల్లగుంటది. అమ్మవారికైనా, గుంపుకైనా.

అమ్మవారి ఆట అంటె పటేలు కాదనలె. రాయి ఇవతల ఊరోళ్ళు కూసోవాలె, అవతల గుంపోళ్ళు, రాయి కాడ ఆట. మా ఆడోళ్ళు ఊర్లోళ్ళ వేషాలు, గుంపు ఆడోళ్ళు పాట. వాళ్ళ దోర్లి పాటకు మా డప్పు కలిపి నేర్చుకున్నం. మొదటి పొద్దు ఒకల మొహం ఒకలు చూసుకోలె. నాలుగో పొద్దుకు మా పటేలు పెండ్లం రాయి అవతలికి వంగి, "నీ గొంతు బొంగురుపోయింది, మిరియాలు నమలు" అని ఒక దోర్ల ముసలమ్మకు కొంగు ముడి ఇప్పి ఇచ్చింది. నేను పక్కకు తిరిగి కండ్లు తుడుచుకున్న. ఎవలన్న చూస్తె దోమవ్వ ఏడ్చిందని ఊరంత చెప్తరు.

అమ్మవారి వేషం మాత్రం అందరూ మేం కట్టం అన్నరు. "మాకు పిల్లలున్నరు" అన్నరు. నా కోడలు గూడ, "నాకు చంటిది ఉంది అత్తమ్మా, నావల్ల గాదు" అని తెగేసి చెప్పింది. అప్పుడు రాయి అవతల నుంచి ఆ పిల్ల లేచింది. "నేను కడత. ముసలమ్మ నడక నాకు వస్తది, అత్తను చూసి నేర్చుకున్న" అన్నది. అందరూ నవ్విండ్రు. ఏడో నెల కడుపు, నడుము మీద చెయ్యి పెట్టుకొని, వంగి, నెత్తిన గంపతోని నడిచి చూపెట్టింది. నవ్వుతున్నోళ్ళు నవ్వు ఆపిండ్రు. ఆ నడకల ఎంత అలుపు ఉందో, అది నా నడక గాదు, ఏ అడివిల నుంచో పిల్లలతోని నడిచొచ్చిన ఆమె తల్లి నడక.

ఆట పొద్దు బర్రెలు ఇంటికి వచ్చె యాళ్ళకు ఊరంత రాయి కాడ కూసున్నది. ఆ పిల్ల మొహానికి పసుపు నేనే పూసిన. బియ్యప్పిండి పూస్తె చెమటకు కారుతదని పసుపే పూసిన. పటేలు పెండ్లం తన ఎర్రంచు చీర ఇచ్చింది, ఎవలో వేపమండలు తెచ్చి చేతిల పెట్టిండ్రు. కుంకుమ పెద్దగ పెట్టిన. లేచి నిలబడితె నాకే ఒళ్ళు జలదరిచ్చింది.

ఎంత మంచిగ ఆడిందో ఆ పిల్ల. మా ఆడోళ్ళు ఊరి వేషంల దండం పెట్టి "అవతలికి పో అవ్వా" అన్నప్పుడల్ల ఆమె ఏం అనకుంట గంప ఎత్తుకునేది. మూడో ఊరు దాటినంక ఆగింది. జనం దిక్కు తిరిగి, నేను రాసియ్యని మాట, ఆమె సొంత మాట అన్నది: "అందరూ దండం పెడుతున్నరు. నా నెత్తి మీది బరువు ఎవలన్న పట్టుండ్రి." సగం తెలుగు, సగం దోర్లి. ముందు వరసల ముసలోళ్ళు గొల్లుమన్నరు. ఒకామె పూనకమొచ్చి జుట్టు ఇరబోసుకొని సిగం ఊగింది. ఇంకొకామె పాకుకుంట పోయి ఆ పిల్ల కాళ్ళ మీద పడ్డది. ఆ ఎనుక పటేలు. ఆ ఎనుక అందరూ. వాళ్ళ కుండను ముట్టని చేతులు ఆమె కాళ్ళు ముట్టి కండ్లకు అద్దుకుంటుంటె, నేను చెట్టుకు ఒరిగి ఏడ్చిన. అయింది, నా పని అయింది, ఈ పిల్ల రేపు మా వీధిల నడుస్తది అనుకున్న. అంత సంతోషం నాకు నా కొడుకు పుట్టిన పొద్దు గూడ లేకుండె.

పండుకునె ఘట్టం ఇంకా ఉంది. చాప పరిచె పిల్ల నీళ్ళ బుర్ర పట్టుకొని నిలబడ్డది. అప్పుడు డప్పు దెబ్బ మారింది.

ఆ దెబ్బ నాకు తెలుసు. సాగనంపె దెబ్బ. పూజారి నిమ్మకాయ కోసి దిష్టి తీసిండు. పటేలు కొబ్బరికాయ కొట్టిండు. "తల్లి లేచింది, తల్లి నోరు ఇప్పింది" అని అరిచిండ్రు. నేను "ఆట, ఇది ఆట" అని ఒర్లిన, డప్పుల్ల నా గొంతు ఏడ ఇనపడుతది. ఆ పిల్ల ముంగట వేపమండలు ఊపుకుంట, ఎనుక చేతులు జోడిచ్చుకొని, రాయి దాటిచ్చి, గుంపు దాటిచ్చి, వాగు దిక్కు నడిపిచ్చిండ్రు. ఒక్కరూ ఆమెను నూకలె, ఒక్కరూ కసరలె. ఎంత భక్తితోని తీసుకపోయిండ్రంటె, ఆమె మొగడు గూడ ఏం జరుగుతందో తెల్వక చేతులు జోడిచ్చి నిలబడ్డడు. ఆ పిల్ల నడుసుకుంటనే తిరిగి నన్ను చూసింది. "అత్తా, ఇది నువ్వు చెప్పలె గదా" అన్నది. ఇంకా ఆటనే అనుకుంటున్నది.

వాగు అవతల ఒడ్డున నిలబెట్టి, చీర కొంగుల బియ్యం పోసి, కోడిని చేతిల పెట్టి, మొక్కి, ఎనుకకు తిరిగి చూడకుంట వచ్చేసిండ్రు. కొండనాలుకకు మందేస్తె ఉన్న నాలుక ఊడిందంటరు, అదీ నా ఆట.

మరుసటి పొద్దు నుంచి గుంపుకు బోరింగు ఇచ్చిండ్రు. నిజమే చెప్తున్న. తల్లి గుంపును కూడ దాటిపోయింది గదా, ఇగ గుంపోళ్ళతోని భయం ఏంది? రేషను ఇచ్చిండ్రు, బాట ఇచ్చిండ్రు. పటేలు పెండ్లం ఆ దోర్ల ముసలమ్మను ఇంటికి పిలిచి ఛాయ్ పోసింది. నేను ఏది కావాల్నని ఆట కట్టిన్నో అదంత అయింది, ఆ ఒక్క పిల్లకు తప్ప. ఆమె మాత్రం వాగు దాటి రావొద్దు. సాగనంపిన తల్లి తిరిగి వస్తదా?

ఆమె మొగడు వాగు అవతల కొమ్మలతోని గుడిసె ఏసిండు. అత్త పొద్దుమాపు అన్నం తీసుకపోయేది. మెల్లమెల్లగ గుంపోళ్ళ నోర్లు గూడ మారినయి. "ఆమె వస్తె మళ్ళ బోరింగు బందు చేస్తరేమో మితానిన్ బాయీ" అని నాతోనే అన్నరు. నీళ్ళ కుండ నెత్తిన పెట్టుకొని అంటున్నరు, వాళ్ళను ఏమనాలె. నేను పోతె ఆ పిల్ల నన్ను ఎక్కిరించుడు బందు చేసింది. "అత్తా, దవాఖానకు ఎట్ల?" అని అడిగేది. "నేనున్న గదా" అనేదాన్ని. నేనుండి ఏం పీకిన్నో ఆ దేవునికే తెలుసు.

బైఠక్‌ల కొట్లాడిన. "అది మనిషి, దాని పేరు మీకు తెలుసు, మీ చేన్ల మిరపనారు పెట్టింది" అన్న. పటేలు మెత్తగ అన్నడు, "అక్కా, నువ్వు చేసిన పుణ్యం చిన్నది గాదు. ఊర్ల ఒక్క పిల్లకు జరం లేదు. నీ చేతులతోనే చేసినదాన్ని నువ్వే చెడగొట్టకు." అందరూ నా దిక్కు ప్రేమగ చూసిండ్రు. ఆ ప్రేమను చీపురుతోని ఊడ్చెయ్యాలన్నంత కోపమొచ్చింది.

వానలు మొదలైనంక ఒక పగటియాళ్ళ ఆమె మొగడు తడుసుకుంట ఉరికొచ్చిండు. నొప్పులు. నేను పోయి చూస్తె బిడ్డ అడ్డం తిరిగింది, ఒక చెయ్యి బయటికి వచ్చింది. ఇది నా చేతుల పని గాదు. గుట్ట మీదికెక్కి సిగ్నలు దొరకబట్టి దవాఖాన బండికి ఫోను చేసిన. సడక్ దాక వస్త, బురదలకు దిగను అన్నడు డ్రైవరు. దుప్పటితోని డోలి కట్టి, నడుముల్లోతు వాగుల ఆమె మొగడు, ఇద్దరు దోర్ల మొగోళ్ళు మోసుకుంట దాటిచ్చిండ్రు. నేను పక్కపొంటి ఆమె చెయ్యి పట్టుకొని నడిచిన. గుంపు దాటినం. రాయి కాడికి వస్తె ఊరోళ్ళు నిలబడి ఉన్నరు.

కట్టెలు లేవు, రాళ్ళు లేవు. వానల తడుసుకుంట, వేపమండలు పట్టుకొని, చేతులు జోడిచ్చి నిలబడ్డరు. ఆడోళ్ళే ఎక్కువ. ఆట పొద్దు గొల్లున ఏడ్చినోళ్ళే. ఆ పిల్ల నొప్పికి అరుస్తంది, అరిచినప్పుడల్ల వీళ్ళు వంగి మొక్కుతున్నరు. "తప్పు కాయి తల్లీ, ఎనుకకు పో తల్లీ, మా పిల్లలను సల్లగ చూడు." నేను తిట్టిన. ఎన్ని మాటల్ల తిట్టగల్గుతనో అన్ని మాటల్ల తిట్టిన. బతిలాడిన. బురదల మోకాళ్ళ మీద కూసున్న. పటేలు పెండ్లం ఏడ్చుకుంటనే అడ్డం నిలబడ్డది, జరుగలె.

అప్పుడు నాకు తోచింది అదే, ఇంకోటి తోచలె. ఒకామె చేతిల వేపమండ గుంజుకొని, గొంతు చించుకొని అరిచిన: "తల్లి తిరిగొస్తంది! ఊర్లకు వస్తంది! పిల్లలున్నోళ్ళు తలుపులేసుకోండ్రి!" డోలి ముంగట మండ ఊపుకుంట నడిచిన. ఒక్క రెప్పపాటు అందరూ బిగుసుకున్నరు. ఆ ఎనుక కొంగులు ఎగ్గట్టుకొని, పిల్లల పేర్లు పిలుసుకుంట ఊర్లకు ఉరికిండ్రు.

మా వీధి అంత ఖాళీగ నేను ఎన్నడూ చూడలె. వాన. ముంగట నేను, ఎనుక డోలి. మేము ఒక్కొక్క ఇల్లు దాటుతుంటె లోపల గొళ్ళాలు పడుతున్నయి. డోలిల నుంచి ఆ పిల్ల నొప్పి నడుమ అడిగింది, "అత్తా, ఇది ఎవలిల్లు?" చెప్పిన. "ఇది?" చెప్పిన. "ఈళ్ళంత నా కాళ్ళు మొక్కినోళ్ళే గదా." వీధి నడుమ మా ఇల్లు. చూడొద్దనుకున్న గని చెవులను ఎట్ల మూస్త? లోపల మా గొళ్ళెం పడ్డది. ఆ గొళ్ళెం జర వంకర, రెండుసార్లు గుంజితె గని పడది, ఆ సప్పుడు నాకు నిద్రల గూడ తెలుస్తది. "ఇది ఎవలిల్లు అత్తా?" అన్నది. "నడువుండ్రి, నడువుండ్రి" అని మోసెటోళ్ళను తిట్టిన.

దవాఖానల డాక్టరమ్మ చెయ్యగల్గినంత చేసింది. పిల్ల బతికింది. మొగబిడ్డ, కడుపుల్నే పోయిండు. ఒక్క జాము ముందు తెస్తె దక్కెటోడు అన్నది డాక్టరమ్మ. ఆ జాము రాయి కాడ పోయింది. నేను మంచం పక్కన కూసుంటె ఆ పిల్ల గోడ దిక్కు తిరిగి పండుకున్నది. అట్లనే అన్నది, "అత్తా, నేను అంత మంచిగ ఆడకపోతె ఇట్ల అయ్యేది గాదు గదా."

దవాఖాన నుంచే మొగడు ఆమెను గోదారి అవతలకు తీసుకపోయిండు. ఏ ఊర్ల ఉన్నరో తెల్వది. నేను ఇంటికొచ్చి నా కోడలును ఒక్క మాట అనలె. కోడలే చంటిదాన్ని నా ఒళ్ళె పెట్టి, నా కాళ్ళ కాడ కూసుండి ఏడ్చింది. తల్లి గదా, దానికీ భయమే. ఆ యేడు ఊర్ల ఎవ్వలకూ మళ్ళ తట్టు పోయలె. సూదులు ఏయించుకున్నందుకు పోయలె అని నేను చెప్తె నవ్వుతరు, తల్లి ఊరు దాటి గోదారి అవతలకు పోయింది అంటరు. రాయి కాడ గుంపు పిల్లలు, ఊరి పిల్లలు కలిసి గోలీలాడుతున్నరు. చూసినోళ్ళు ఎంత మంచి ఊరు అంటరు.

మొన్న మళ్ళ ఎండలు మొదలైనయి. పటేలు, పూజారి, నలుగురు ఆడోళ్ళు వచ్చి మా అరుగు మీద కూసున్నరు. అవతలి దిక్కు ఊర్లల్ల తట్టు అని వార్త వచ్చిందంట. "అక్కా, ఆట కట్టు. నీ ఆటతోనే ఊరు సల్లగుంది" అన్నడు పటేలు. ఊరోళ్ళు, గుంపోళ్ళు కలిసి ఆడాలె అని గూడ వాళ్ళే అన్నరు. "అమ్మవారిని ఎవలు కడతరు?" అని అడిగిన. "గుంపుల కొత్త కోడలు వచ్చింది గదా, మంచిగ పాడుతదంట" అన్నది పటేలు పెండ్లం. ఎంత మామూలుగ అన్నదో, కూరల ఉప్పు సరిపోయిందా అని అడిగినట్టు.

నాకు కోపం రాలె. అదే నాకు భయమైంది. "ఈసారి అమ్మవారిని నేను కడత. పసుపు పూసుకొని మీ ముంగట నిలబడత. డప్పులు కొట్టి నన్ను వాగు అవతలికి సాగనంపుండ్రి, మళ్ళ రానియ్యకుండ్రి" అన్న.

వాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నరు. పటేలు నవ్వి, నా చెయ్యి రెండు చేతులతోని పట్టుకున్నడు. "అవేం మాటలక్కా? నువ్వు మా మనిషివి. నిన్నెట్ల సాగనంపుతం?"